పక్షుల ఛాయాగ్రహణము: పెరటి నుండి అడవి వరకు

ఛాయాచిత్రములను గురించి రేడియోలో ప్రసంగించుట కొంత విడ్డూరముగా తోచవచ్చును. నేను చెప్పబోవు చిత్రములలో ఒక్కటియు శ్రోతలకు కనబడదు. అయినను ఈ విషయమునకు రేడియో బొత్తిగా పరాయిది కాదు. స్వేచ్ఛగా తిరుగు పక్షిని చిత్రింపదలచినవానికి కంటికంటె ముందు చెవి పనిచేయవలెను. ఆకుల మాటున నున్న పిట్ట కనబడుటకు ముందు వినబడును. పెరటి కంపలో జెముడుకాకి గంభీరముగా కూయుట మీలో ఎందరో వినియుందురు. దానిని తేరిపార చూచినవారు కొందరే యుందురు. ఏ కూత ఏ పిట్టదో, అది ఏ మూలనుండి వచ్చుచున్నదో తెలిసిన పిమ్మటనే కెమెరాకు పని. కనుక వినుట అలవాటైన ఇండ్లలో ఈ విద్యకు సగము పాఠము ఇదివరకే పూర్తియైనదని నా నమ్మకము.

పక్షిని దగ్గరగా చూడవలెనను కోరిక మనుష్యునకు అనాదిగా ఉన్నది. 19వ శతాబ్దమున శాస్త్రజ్ఞునకు ఆ కోరిక తీర్చు సాధనము తుపాకి. పిట్టను కొట్టి, చర్మము ఒలిచి, దూది కూరి, పెట్టెలో భద్రపరచుట ఆనాటి పక్షిశాస్త్రములో పెద్ద భాగము. వారికి వేరు దారి లేకపోయినది. మన సాలిం అలీ అంతటివాడును బాల్యమున గాలితుపాకితో కొట్టిన పిచ్చుక మెడపై పసుపుపచ్చని మచ్చను చూచి, అది ఏమి పక్షియో తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము గడప త్రొక్కినాడు. 1985లో ప్రకటించిన స్వీయచరిత్రకు ఆయన 'ఒక పిచ్చుక పతనము' అను అర్థము వచ్చు పేరు పెట్టినది అందువలననే.

తుపాకికి బదులు కెమెరా పట్టినవారిలో ముందుగా చెప్పదగినవారు ఇంగ్లండునకు చెందిన రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అను సోదరులు. వారు 1892లో ఒక పిట్టగూటిని గ్రుడ్లతో సహా చిత్రించినారు. 1895లో వెలువడిన వారి గ్రంథము, ఆరుబయట తీసిన ఛాయాచిత్రములతో ఆద్యంతము నిండిన తొలి ప్రకృతి గ్రంథముగా పేరొందినది. ఆనాటి కెమెరా బరువైన పెట్టె, అందులోనిది గాజుపలక. దూరమునుండి తీయుట సాధ్యము కాదు, దగ్గరకు పోయినచో పిట్ట నిలువదు. అందుచేత ఆ సోదరులు ఒక ఎద్దు చర్మమును బోలుగా నిలిపి, లోపల మనిషియు కెమెరాయు పట్టునట్లు అమర్చి, దానిని పొలములో నిలబెట్టినారు. పశువు మేయుచున్నదని పక్షులు భ్రమపడవలెనని వారి ఉపాయము. ఇప్పుడు వినుటకు నవ్వు వచ్చును గాని, ఈ విద్యకు మూలసూత్రము అందులోనే ఉన్నది. మనము అక్కడ లేనట్లుగా పక్షి తన పని తాను చేసికొనవలెను.

వారి తరువాతి తరములో ఇద్దరిని స్మరింపవలెను. ఎరిక్ హాస్కింగ్ అను ఆంగ్లేయుడు 1937లో వేల్స్‌లో ఒక గుడ్లగూబ గూటివద్ద చీకటిలో మాటుకు పోవుచుండగా, తల్లిపక్షి సడి లేకుండ వచ్చి ముఖముపై కొట్టినది. ఆయన ఎడమకన్ను పోయినది. అయినను ఆయన గుడ్లగూబలను చిత్రించుట మానలేదు. మిగిలిన ఒక్క కంటితోనే తన కాలపు పక్షిఛాయాగ్రాహకులలో అగ్రగణ్యుడైనాడు. రెండవవాడు లోక్ వాన్ థో. మలయాలో పుట్టి, సింగపూరులో సినిమా వ్యాపారమున ప్రసిద్ధుడైనవాడు. 1942లో యుద్ధమునకు వెరచి ఎక్కిన ఓడపై బాంబులు పడి, ఒడలు కాలి, కొంతకాలము చూపు కోల్పోయి, తుదకు భారతదేశము చేరినాడు. ఇక్కడ సాలిం అలీ స్నేహము లభించినది. తిరిగి వచ్చిన చూపును ఆయన పక్షులకే అంకితము చేసినాడని చెప్పవచ్చును. మన దేశమునను, ఇతర ఉష్ణదేశములలోను తిరిగి తీసిన చిత్రములతో 1957లో 'ఎ కంపెనీ ఆఫ్ బర్డ్స్' అను గ్రంథము వెలువరించినాడు. 1964లో తైవానులో విమానప్రమాదమున మరణించినాడు.

మన దేశమునందు మద్రాసు వాస్తవ్యుడు ఎం. కృష్ణన్ తానే భాగములు కూర్చుకొన్న కెమెరాతో, నలుపు తెలుపులలోనే, దశాబ్దములపాటు అడవి జంతువులను, పక్షులను చిత్రించినాడు. వీరందరి జీవితములను చూచినచో ఒక సంగతి స్పష్టము. వారికి యంత్రబలము తక్కువ, ఓర్పు ఎక్కువ. గాజుపలక గాని, 36 చిత్రముల ఫిల్ము గాని ఖరీదైన వస్తువు. వ్యర్థము చేయుటకు మనసొప్పదు. కనుక ముందు పక్షిని చదివి, పిమ్మట మీట నొక్కెడివారు. నేటి డిజిటల్ కెమెరాలో ఒక్క ఉదయమున వేయి చిత్రములు తీసినను మనిషికి ఖర్చు లేదు. అయినచో ఖర్చు ఎవరు భరింతురు? ఒక్కొక్కప్పుడు పక్షి భరించును. కెమెరా తుపాకి కాదనుట నిజమే. కాని పట్టినవాని చేతిని బట్టి అది తుపాకి చేసిన పని కూడ చేయగలదు. ఈ ప్రసంగములో నేను ముఖ్యముగా మనవి చేయదలచినది ఇదియే.

ముందు మన ఇంటినుండి ఆరంభింతము. క్రొత్తగా కెమెరా కొన్నవారు వెంటనే దూరపు అడవులను తలచుకొందురు. పెరటిలోని పిట్టను బాగుగా తీయలేనివానికి అడవిపిట్ట చిక్కదు. మందారము వద్దకు తేనెపిట్ట ఏ వేళకు వచ్చునో, పిగిలిపిట్ట ఏ కొమ్మపై నిలిచి పండును చూచుకొనునో ఒక వారము గమనింపుడు. కిటికీకి పలుచని తెర కట్టి, కెమెరా కంటికి మాత్రము సందు విడిచినచో మీ ఇల్లే చక్కని మాటు. ఉదయము ఎండ మీ వీపువైపున ఉండవలెను. కెమెరా పిట్ట ఎత్తునకు సమముగా ఉండవలెను. నేలపై మేయు పిచ్చుకకు మనమును నేలబారున కూర్చుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా కన్ను స్పష్టముగా పడవలెను. రెక్క కొంచెము చెదిరినను చూచువాడు క్షమించును. కన్ను మసకబారిన చిత్రములో ప్రాణముండదు.

రంగుల విషయమున ఒక చిక్కు ఉన్నది. బురదచేనిలో నిలిచిన తెల్లకొంగను యంత్రము లెక్క ప్రకారమే తీసినచో అది సున్నపు ముద్దవలె పడును, ఈకల జాడ కానరాదు. చుట్టునున్న నలుపును చూచి యంత్రము ఎక్కువ వెలుతురు పట్టుటయే దానికి కారణము. అప్పుడు వెలుతురు తగ్గింపవలెను. ప్రకాశమానమైన ఆకాశము ఎదుట నున్న ఏట్రింతకు ఇందుకు విరుద్ధముగా చేయవలెను. ప్రకాశమానమైన ఆకాశము ఎదుటి నల్లపక్షికి వెలుతురు పెంచుట, చుట్టును నలుపు ఉన్న తెల్లపక్షికి తగ్గించుట అని గుర్తుంచుకొన్నచో చాలును.

పాలపిట్టను చూడుడు. తీగపై కూర్చున్నప్పుడు అది మట్టిరంగు పిట్టవలె ఉండును; ఎగిరినప్పుడే రెక్కలలోని నీలిమ విచ్చుకొనును. ఎగిరెడి పక్షివెంట కెమెరా త్రిప్పుట కష్టము. కాని ఈ పిట్టకు ఒక అలవాటు ఉన్నది. తీగపైనుండి నేలపై పురుగును చూచి దిగి, పట్టుకొని, తరచుగా ఆ చోటికే తిరిగివచ్చును. ఈ సంగతి తెలిసినవాడు పిట్టవెంట పడడు. అది తిరిగివచ్చు చోటిపై దృష్టి నిలిపి, సెకనులో వేయవ వంతునకు మించిన వేగమును అమర్చుకొని వేచియుండును. తెలంగాణమునకు రాష్ట్రపక్షియైన ఈ పిట్టను దసరానాడు చూచుట శుభమని మనవారి నమ్మకము. ఆ నమ్మకమును ఆసరా చేసికొని కొందరు దానిని పట్టి, పంజరమున పెట్టి, డబ్బు తీసికొని చూపుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. పొలిమేర తీగపై స్వేచ్ఛగా కూర్చున్న పాలపిట్టను పిల్లలకు చూపి, చేతనైనచో చిత్రము తీసి ఇంటికి తెచ్చుట పండుగకు తగిన పని.

వానకాలమున ఊరిబావిపైకి వంగిన ఈతచెట్టునందు గిజిగాళ్ళు గూళ్ళు అల్లుట మరియొక చక్కని దృశ్యము. మగపక్షి గడ్డిపోచలతో గూటిని సగము వరకు అల్లి, రెక్కలార్చి ఆడుపక్షిని పిలుచును. ఆమె వచ్చి చూచి, నచ్చినచో ఉండును, నచ్చనిచో పోవును. మెచ్చిన గూటికే క్రిందికి వ్రేలాడు గొట్టమువంటి ద్వారము అమరును. గుంపుగా అల్లు పక్షులు గనుక తగిన దూరమున కదలక కూర్చున్నవానిని అవి త్వరలోనే మరచును.

ఇక గూటి మాట. గూటివద్ద పక్షి తప్పక వచ్చునని తెలియును గనుక, క్రొత్తవాడు ముందుగా వెదకునది గూడే. ప్రమాదము కూడ అక్కడనే ఉన్నది. తీతువుపిట్టను తీసికొందము. అది బీడునేలపై, గులకరాళ్ళ నడుమ గ్రుడ్లు పెట్టును. వేసవి మధ్యాహ్నమున తల్లి ఆ గ్రుడ్లను పొదుగుచున్నదనుటకంటె నీడపట్టుచున్నదనుట సరి. పొట్టక్రింది ఈకలను నీటిలో తడిపి తెచ్చి గ్రుడ్లకు చల్లదనము కూడ ఇచ్చును. మనము దగ్గరకు పోగానే అది లేచి, అరచుచు తలపై తిరుగును. చూచువారికి ఎగిరెడి పక్షి చిత్రము దొరికినదని సంతోషము. ఆ కొలది నిమిషములలోనే మండుటెండ గ్రుడ్లలోని ప్రాణమును తీయగలదు. అదియుగాక కాకి మనలను గమనించుచుండును. మనము ఎక్కడ వంగి చూచితిమో అక్కడికి మనము పోయిన పిమ్మట వచ్చును. గూటికి అడ్డుగా ఉన్నదని మనము తొలగించిన ఒక్క ఆకు కాకికిని, ఎండకును దారి చూపును.

పూర్వపు ఛాయాగ్రాహకులు గూళ్ళను తీసినారు గదా యని మీరు అడుగవచ్చును. తీసినారు, కాని గుడారమువంటి మాటును దూరమున నిలిపి, పక్షి దానికి అలవాటుపడిన కొలది రోజుకు కొంతగా దగ్గరకు జరిపెడివారు. ఇద్దరు కలిసి మాటువద్దకు పోయి, ఒకరు లోపల ఉండి, రెండవవారు అందరికి కనబడునట్లు వెడలిపోయెడివారు. పక్షి సాధారణముగా మనుష్యులను లెక్కపెట్టదు. వచ్చినవారు పోయినారని నిశ్చింతగా గూటికి చేరును. అంత ఓర్పు, అంత వ్యవధి లేనివారికి నేనిచ్చు సలహా ఒక్కటే. గూటిని విడిచిపెట్టుడు. మేతవద్ద, నీటివద్ద, స్నానమాడు గుంటవద్ద తీయుడు.

గూళ్ళనే చూడవలెనను వేడుక ఉన్నచో మన రాష్ట్రములలో తగిన చోట్లు ఉన్నవి. నెల్లూరు సీమలోని నేలపట్టు చెరువునందు గూడబాతులు నీటిలోని కడపచెట్లపై గూళ్ళు కట్టును. గట్టుపైనుండి, కావలి మేడపైనుండి చూడవచ్చును. గుంటూరు సమీపమున ఉప్పలపాడులో ఊరిచెరువే పక్షులకు ఆశ్రయము. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో ఇండ్ల నడుమనున్న చెట్లపైననే ఎర్రకాళ్ళ కొంగలు పిల్లలను పెంచును. పక్షులు వచ్చుట ఊరికి మేలని ఆ గ్రామస్థుల నమ్మకము. అట్టిచోట్ల మనుష్యుని ఉనికికి పక్షులు తరతరములుగా అలవాటుపడినవి. దూరపు కటకము గల కెమెరాతో దారిలో నిలిచి తీసినచో వాటికి బాధ లేదు. గట్టు దిగి చెట్లక్రిందికి పోవుట, చప్పుడు చేసి గుంపును లేపుట మాత్రము కూడదు. ఒక్కసారి గుంపు లేచినచో గూటి అంచున నున్న పిల్ల జారిపడవచ్చును. ఎండలో విడువబడిన కూన తాళలేదు.

ఇంటివద్ద ఈ మాత్రపు అనుభవము గడించినవాడు ఉష్ణమండల అరణ్యమునకు పోయినచో అక్కడ అన్నియు తలక్రిందులుగా ఉండును. ఉదాహరణకు శ్రీలంక నైరుతి భాగములోని సింహరాజ అరణ్యము. 1988లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడిన వానకాడు అది. పటములలో చూచి అడుగడుగున రంగురంగుల పక్షులు ఉండునని తలచి పోయినవానికి తొలి గంటలో ఒక్క పిట్టయు కనబడకపోవచ్చును. చెట్లు మహోన్నతములు, ఆకులు దట్టములు, వెలుతురు పలుచన. మన పెరటిలో సెకనులో వేయవ వంతున తీసిన చిత్రము అక్కడ అరువదవ వంతునకు దిగును. కాలికి జలగలు, నెత్తిపై వాన.

తరువాత ఒక్కసారిగా అడవి మేలుకొన్నట్లగును. ఆ అడవిలో ఎన్నో జాతుల పక్షులు కలిసి ఒక ఊరేగింపువలె సంచరించుచుండును. నారింజరంగు ముక్కుగల చిన్నపిట్టలు గుంపుగా ముందు నడచును. పెద్ద ఏట్రింత వాటివెంట కావలి కాయును. డేగ కనబడినచో హెచ్చరించుట దాని వంతు. గుంపు కదలికకు లేచిన పురుగులను ఏరుకొనుట దాని లాభము. ఆ ద్వీపమునకే పరిమితమైన ఎర్రమొగపు కోకిలజాతి పక్షియు, నీలిరంగు జెర్రిపోతువంటి మెరుపుతో కదలు మరికొన్ని పిట్టలును అందు చేరును. ఈ ఊరేగింపువెంట పరుగెత్తినవానికి ఆకులే పడును. అది సాగు దిక్కును చెవితో గ్రహించి, ముందుగా పోయి, కొంచెము వెలుతురు పడు సందువద్ద కదలక నిలిచినవాని చుట్టు అది ప్రవహించి పోవును. పదినిమిషములలో అంతయు ముగిసి, అడవి మరల మౌనము వహించును. పెరటిలో నేర్చిన పాఠమే అక్కడను పనికివచ్చును. వెంటపడరాదు, వచ్చుచోట వేచియుండవలెను.

ఉష్ణదేశములలో కెమెరాకును జాగ్రత్త అవసరము. చల్లనిగదినుండి వెంటనే బయటికి తీసినచో అద్దముపై మంచు పట్టినట్లు ఆవిరి కమ్మును. సంచిలోనే కొంతసేపు ఉంచి, వెలుపలి వేడికి అలవాటుపడిన తరువాత తీయవలెను. తేమ నిలిచినచో అద్దములోపల బూజు పుట్టి సాలెగూడువలె వ్యాపించును. మూత గట్టిగా పట్టు డబ్బాలో, తేమను పీల్చు సిలికాజెల్ పొట్లములతో భద్రపరచుట మేలు. కోస్తా జిల్లాలవారు ఇంటివద్దను ఈ జాగ్రత్త పాటింపవలెను.

దూరప్రయాణములలో ఒక ప్రలోభము ఉన్నది. డబ్బు పెట్టి అంతదూరము పోయితిమి, రెండు దినములే వ్యవధి, పక్షి రాదేమను ఆతురము. దాని కూతను ముద్రించి, చేతిఫోనులో వినిపించినచో వచ్చునని ఎవరో చెప్పుదురు. వచ్చును, నిజమే. ప్రసారకుడనైన నేను శబ్దముయొక్క శక్తిని కాదనలేను. కాని ఆ పక్షికి అది పాట కాదు. తన నెలవులోనికి మరియొక మగపక్షి చొరబడినదని తలచి, మేతను, గూటిని విడిచి పోరాటమునకు వచ్చును. శత్రువు కనబడడు. మరునాడు ఇంకొక యాత్రికుడు వచ్చి అదే కూత వినిపించును. సీజను పొడుగున ఇట్లు జరిగినచో ఆ పక్షి సంసారము ఏమగును? ప్రసారము చేయుట సులభము; వినువాని క్షేమము తలచి చేయుట మా వృత్తిలో మొదటి నియమము. అడవిలోను అదే నియమము వర్తించును.

అట్లని శబ్దమును, కెమెరాను శాస్త్రమునకు వాడరాదని కాదు. ఇందుకు మన కడప సీమయే నిదర్శనము. కలివిపొదలలో తిరుగు కలివికోడిని 19వ శతాబ్దమున మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డాన్ శాస్త్రలోకమునకు తెలియజేసినాడు. 1848లో దానికి శాస్త్రీయనామము ఏర్పడినది. ఛాతిపై రెండు పట్టెలుగల రాత్రించర పక్షి. 1900 తరువాత అది ఎవరి కంటను పడలేదు. అంతరించినదనియే తలచినారు. 1986 జనవరిలో బొంబాయి సంఘమునకు చెందిన భరత్ భూషణ్, ఆ ప్రాంతపు వేటగాళ్ళ సహాయముతో రెడ్డిపల్లి సమీపమున దానిని మరల కనుగొన్నాడు. పిట్టలను పట్టు ఒక స్థానికుడు చీకటిలో దానిని పట్టి తెచ్చినాడు. చేతికి చిక్కిన ఆ పక్షి ఎంతోకాలము బ్రతుకలేదు. ఆ చోటనే తరువాత లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

ఆ అనుభవము తరువాత శాస్త్రజ్ఞులు వేరు మార్గము పట్టినారు. 2000వ సంవత్సరము తరువాత జెగనాథన్ మొదలగువారు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టెలుగా పరచి, రాత్రి నడచిన పాదముల ముద్రలను ఉదయమున చూచినారు. మనిషి లేకుండ తానే పనిచేయు కెమెరాలను అమర్చినారు. పక్షి ఎదుటికి రాగానే కెమెరా తనంతట చిత్రము తీయును. పక్షిని పట్టలేదు, తరుమలేదు. అయినను అది ఎక్కడ ఉన్నదో, ఎంతటి పొదలను కోరునో తెలిసినది. దాని కూతను తొలిసారిగా ముద్రించినదియు అప్పుడే. తెలుగుగంగ కాలువ పని ఆ పొదలను సమీపించినప్పుడు, ఇట్టి సాక్ష్యము ఆధారముగా కాలువ మార్గము మార్పబడినది. కళాదృష్టితో చూచినచో ఆ చిత్రములు సామాన్యములు కావచ్చును. రాత్రివేళ వెలుతురు కొట్టిన ముళ్ళకంప, ఒక మూల పక్షి. కాని కేర్టన్ సోదరుల ఎద్దు చేయదలచిన పని అందు సంపూర్ణముగా నెరవేరినది.

నేడు ప్రతి ఇంటిలోను చిత్రము తీయు సాధనము ఉన్నది. తీసిన చిత్రము క్షణములో ఊరూరా ప్రాకును. అరుదైన పక్షి గూడు ఎక్కడ ఉన్నదో దానితోపాటు చెప్పినచో మరునాటి ఉదయమునకు పదిమంది అక్కడ చేరుదురు. వారిలో పిల్లలను అమ్ముకొనువాడును ఉండవచ్చును. కనుక పక్షి పేరు చెప్పుడు, తీసిన నెల చెప్పుడు, గూటి జాడ మాత్రము దాచుడు. చిత్రము తీయుచుండగా పక్షి మేత మానినను, మెడ నిక్కించి మనవైపే చూచినను, కూత మారినను, అది మనకు వెనుకకు జరుగుమని ఇచ్చు సూచన. రెండడుగులు వెనుకకు వేయుడు. చిత్రములో పక్షి కొంచెము చిన్నదగును, అంతే నష్టము.

రేపు ఉదయము మొదటి వార్తలకు ముందు, కొంచెముసేపు కిటికీ తెరచి వినుడు. ఎన్ని కూతలు వినబడునో లెక్కింపుడు. వాటిలో తెలియని కూత ఒక్కటి తప్పక ఉండును. దాని యజమానిని వెదకుటతో మీ ఛాయాగ్రహణము ఆరంభము కానిండు.